కార్జానికి చెప్పిన వయసు

పంజగుట్టలో మెట్రో స్తంభాల పక్కనున్న ఆ తొమ్మిదంతస్తుల అద్దాల బిల్డింగును మంగవ్వ ఆరేళ్లుగా తుడుస్తున్నది. ఆ పనిని ఏజెన్సీ వాళ్లు హౌస్‌కీపింగ్ అంటారు. పేరు గొప్పగా పెడితే బకెట్టు బరువు తగ్గుతుందనుకున్నారేమో, తగ్గలేదు. పొద్దున ఆరింటికి ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగేదాకా మూడు, నాలుగు, ఐదు అంతస్తులు ఆమెవి. ఫినాయిల్ ఎంత, నీళ్లెంత అని ఆమె ఏనాడూ గ్లాసుతో కొలవలేదు. వాసన చూసి చెప్తుంది, తప్పు పోదు.

ఆ బిల్డింగులో పనిచేసే నూట ముప్పై మందికి ఏజెన్సీ ఆరోగ్య క్యాంపు పెట్టింది. ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఏడాదికొకసారి పెట్టాలని ఒప్పందంలో రాసుంది కాబట్టి. సోమవారం పరగడుపున అందరి రక్తం తీసుకుపోయారు. గురువారం ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం పెట్టారు. అన్నిటికన్నా కింద లివర్ మచ్చల అంచనా అని ఒక గడి. అది పసుపుగానో ఎర్రగానో ఉంటే శనివారం మిషన్ తెచ్చి లివర్‌ను స్కాన్ చేస్తారు. ఆకుపచ్చగా ఉంటే ఏ స్కానూ అక్కర్లేదు, నిమ్మళంగా పనిచేసుకోవచ్చు.

మంగవ్వ గడి ఆకుపచ్చ. లోపల అంకె ఒకటి పాయింట్ రెండు మూడు.

ఆమెకు ఆ ఆకుపచ్చ మీద నమ్మకం కుదరలేదు. ఎనిమిదేళ్ల నుంచి షుగర్. నడుం చుట్టూ కండ్ల ముందే పెరిగిన పొట్ట. మూడు నెలల కింద బస్తీ డాక్టరు రాసిస్తే పొట్ట స్కానింగ్ చేయించుకుంది. లివర్‌కు, అంటే కార్జానికి, కొవ్వు పట్టింది, రెండో గ్రేడు అని అందులో ఉంది. మేక కార్జం వేయించుకు తినడం తెలుసుగానీ, మనిషి కార్జానికి కొవ్వు పడుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. మరి కొవ్వు పట్టిన కార్జం మూడు నెలల్లో ఆకుపచ్చగా ఎలా మారింది?

ఎనిమిదింటికి స్టోర్‌రూంలో చీపుర్ల మధ్య టిఫిన్ డబ్బాలు విప్పుకునేటప్పుడు ఈ సంగతి ఎత్తింది. ఆరో అంతస్తు తుడిచే సీతాబాయి నోట్లో ముద్ద పెట్టుకునే నవ్వింది.

"చాటుకు ఏస్తున్నవా ఏంది మంగవ్వా? ఊకెనే కరాబైతదా కార్జం?"

"బోనాలప్పుడు బల్కంపేటల కల్లు సాక పోస్త, అంతే గదనే. తాగేది ఎల్లమ్మ తల్లి, కార్జం కరాబయ్యేది నాదా?"

అందరూ నవ్వారు. మంగవ్వ కూడా నవ్వింది గానీ ఆ మాట ఆమెకు కొత్తది కాదు. రెండేళ్ల కింద ఆమె అక్క చచ్చిపోయింది. బల్కంపేట గుడి వీధిలో కొబ్బరికాయలు అమ్మేది. కల్లు చుక్క నాలుక మీద వేసుకోని మనిషి. పొట్ట కుండలా ఉబ్బి, కాళ్లు వాచి, నెత్తురు కక్కుకుంటే ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ మొట్టమొదట అడిగింది, ఎంత తాగుతుంది అని. పాడె లేపే రోజున బస్తీ ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నదీ అదే. చివర్లో ఒక డాక్టరు మాత్రం మంగవ్వను పక్కకు పిలిచి, తాగకున్నా కొందరికి కొవ్వు పట్టి ఇలా అవుతుందమ్మా, మచ్చలు పడేటప్పుడు పట్టుకుంటే ఆపేవాళ్లం, ఇప్పుడు రాయైపోయింది అన్నాడు. ఆ మాట మంగవ్వ గుండెలో మేకులా దిగిపోయింది. మచ్చలు పడేటప్పుడు పట్టుకోవాలి. తనకు పడుతున్నాయా లేదా? ఆమెకు తెలియాల్సింది అదొక్కటే.

డ్యూటీ దిగి ఆ కాగితం పట్టుకుని రెండో సెల్లారుకు పోయింది. అక్కడ పార్కింగులో బల్ల వేసుకుని ల్యాబ్ వాళ్లు కూర్చున్నారు. పెద్ద టెక్నీషియన్ కుసుమకుమారి. తెనాలి మనిషి, ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో రక్తాలు తీస్తున్నా యాస మాత్రం మారలేదు.

"ఆకుపచ్చేగా వచ్చింది మంగమ్మగారూ. ఇంకేంటి?"

"మంగమ్మ కాదు మేడం, మంగవ్వ. గీ పచ్చరంగు ఎట్ల అచ్చిందో జర చెప్పున్రి."

ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదట. కుసుమకుమారి గ్లౌజుల డబ్బా మూత చింపి, దాని వెనక ఒక గీత గీసింది. గీత పైన వయసు, దాన్ని రక్తంలోని ఒక లివర్ ఎంజైముతో గుణించాలి. గీత కింద ప్లేట్‌లెట్లు, వాటిని ఇంకో ఎంజైము వర్గమూలంతో గుణించాలి. మంగవ్వవి పెట్టి చూపించింది. పైన నలభై ఎనిమిది ఇంటూ ముప్పై ఆరు. కింద ప్లేట్‌లెట్లు వేలల్లో రెండు వందలు ఇంటూ ఏడు. ఆ ఏడు నలభై తొమ్మిదికి వర్గమూలం. పైదాన్ని కిందదానితో భాగిస్తే ఒకటి పాయింట్ రెండు మూడు. ఒకటి పాయింట్ మూడు లోపలుంటే లివర్ గట్టిపడే అవకాశం తక్కువ, దాటితే స్కాన్ చేసి చూడాలి.

మంగవ్వ ఐదో తరగతి దాకా చదివింది. వర్గమూలం సంగతి ఆమెకు అక్కర్లేదు. పైనా కిందా సంగతి మాత్రం బకెట్టు ముందర నిలబడ్డ ప్రతి ఆడదానికీ తెలుసు. పైన పోసే ఫినాయిల్ తగ్గిస్తే వాసన తగ్గుతుంది. నేలకున్న మురికి తగ్గదు.

"పైన వయసెందుకు మేడం?"

"ఏళ్లు గడిచేకొద్దీ మచ్చలు పేరుకోవడానికి టైం ఎక్కువ దొరుకుతుందిగా. అందుకనండీ."

మంగవ్వ అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ నలభై ఎనిమిది అబద్ధం.

ఆరేళ్ల కింద ఏజెన్సీ మనుషుల్ని తీసుకునేటప్పుడు నలభై ఐదు దాటినవాళ్లు వద్దంది. మంగవ్వకు అప్పుడు యాభై ఐదు. పనికి మనుషుల్ని చేర్చిపెట్టే ప్రమోద్, ఇప్పుడు వాడే సూపర్‌వైజరు, ఆడవాళ్లను ఆటోల్లో ఎక్కించి అమీర్‌పేట గల్లీలో ఒక జిరాక్స్ షాపుకు తీసుకుపోయాడు. అమీర్‌పేటలో కోచింగ్ అయిన పిల్లలకు లేని అనుభవం కలిపి కాగితాలు చేసిస్తారని అందరికీ తెలిసిందే. ఆ రోజు అదే గల్లీలో పదకొండు మంది ఆడవాళ్లకు ఉన్న వయసు తీసేశారు. ఏదో సర్టిఫికెట్టు పుట్టింది, దాన్ని బట్టి ఆధార్ మారింది. షాపువాడికి తేదీలు వెతికే ఓపిక లేదు. పదకొండు మందినీ జనవరి ఒకటినే పుట్టించాడు. ఏటా ఆ రోజున ప్రమోద్ ఒక్క కేకు తెచ్చి పదకొండు పుట్టినరోజులు చేసేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. మంగవ్వ పెద్దబిడ్డ వనితకు నలభై నాలుగు. ఆధార్ ప్రకారం మంగవ్వ ఆమెను నాలుగేళ్ల వయసులో కన్నది.

వయసు తగ్గిస్తే నౌకరి దొరికింది. కార్జానికి మాత్రం ఆ జిరాక్స్ షాపు సంగతి తెలియదు. అది అరవై ఒక్క ఏళ్లు పనిచేసింది.

"అరవై ఒకటి పెట్టి కొట్టున్రి మేడం."

కుసుమకుమారి ఆమె మొహం చూసింది. ఏమీ అడగకుండా ఫోనులో లెక్క కొట్టింది. ఒకటి పాయింట్ ఐదు ఏడు. గడి పసుపు.

"మీకు స్కాన్ కావాలండీ," అంది. అంకె పెరిగినంత మాత్రాన మచ్చలున్నట్టు కాదని, ఉన్నాయో లేదో స్కాన్‌లోనే తేలుతుందని చెప్పింది. కానీ వయసులు ఏజెన్సీ ఆఫీసు నుంచి వచ్చిన లిస్టులోవి, సూపర్‌వైజరు దిద్ది సంతకం పెట్టకుండా తను మార్చలేనంది. పోనీ బయట డాక్టరుకు నిజం వయసు చెప్పి చేయించుకోమంది. తర్వాత గొంతు తగ్గించి, ఇలాంటి వయసులు ఇంకెన్ని ఉన్నాయండీ అని అడిగింది.

మంగవ్వ కాగితం మడిచి కొంగులో కట్టుకుంది. లెక్క మాత్రం మనసులో ఉంది. పదకొండు ఆకుపచ్చ గడులు.

ప్రమోద్ దగ్గరికి పోయి సంగతి చెప్పింది. వాడు చెడ్డవాడేం కాదు, పిరికివాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి మంగవ్వను పెద్దమ్మా అనాల్సింది, ఆరేళ్లుగా అక్కా అంటాడు. ఆధార్‌ను బట్టి వరస కలుపుతాడు.

"అరవై ఒకటని రాసిననుకో, రేపటి సంది నిన్ను లోపలికి రానియ్యరు. యాభై ఎనిమిది దాటితే బిల్డింగోల్లు ఉంచుకోరు. పచ్చగనే అచ్చింది గదా అక్కా, ఫికర్ ఎందుకు?"

"పచ్చగ చేసింది నువ్వు, ప్రమోద్. నా కార్జం కాదు."

వాడు ఫోను మోగినట్టు నటించి పక్కకు పోయాడు.

ఇంటికి నడిచిపోతూ మంగవ్వ రెండూ తూచి చూసుకుంది. నిజం చెప్తే నౌకరి పోతుంది. చెప్పకపోతే అక్క దారి. మూడో దారీ ఉంది, నోరు మూసుకుని బయట చేయించుకోవచ్చు. తన ఒక్కదానికైతే అదే చేసేది. కానీ బస్తీ మలుపులో సీతాబాయి ఇల్లు వచ్చింది. తలుపు తీసే ఉంది. లోపల దేవుడి పటం ముందర, అగరొత్తి పక్కన, సీతాబాయి తన ఆకుపచ్చ కాగితం పెట్టుకుంది. దానికి బొట్టు కూడా పెట్టింది.

మంగవ్వ అక్కడే ఆగిపోయింది. జిరాక్స్ షాపు అబద్ధానికి బొట్టు. ఇక తన ఒక్కదానికే బయట చేయించుకుని ఊరుకోవడం కుదరదని ఆమెకు తేలిపోయింది.

శుక్రవారం ఎనిమిదింటికి స్టోర్‌రూంలో మిగతా పది మందినీ కూర్చోబెట్టి రెండు బకెట్లు ముందు పెట్టింది. రెంటిలో నీళ్లు సమానం. ఒకదాంట్లో రోజూ పోసేంత ఫినాయిల్ పోసింది, రెండోదాంట్లో అందులో కొంచెం తీసి పోసింది. వంగి వాసన చూడమంది. చూశారు. ఎక్కువ పోసింది మన ఒంటి వయసు, తక్కువ పోసింది ఆధార్ వయసు అని చెప్పింది. ఈ తక్కువ వాసన చూసి ల్యాబోళ్లు మనకు ఆకుపచ్చ గడి ఇచ్చారని చెప్పింది. వర్గమూలాలు లేకుండానే అందరికీ అర్థమైంది. కొందరు కాగితాలు తీసి మళ్లీ చూసుకున్నారు.

రేపు పదకొండింటికి స్కాను. మూడు గంటల ముందు నుంచి కడుపులో ఏమీ పడకూడదు. రేపు ఎనిమిదింటికి డబ్బా విప్పనివాళ్లు నాతో వస్తారు, విప్పినవాళ్లను ఏమీ అనను అని చెప్పేసింది మంగవ్వ.

సీతాబాయికి కోపమొచ్చింది. ఆమె అసలు వయసు యాభై తొమ్మిది, కాగితంలో నలభై ఏడు.

"నౌకరి పోతే నీ కార్జం అన్నం పెడ్తదానే?"

"మా అక్కకు అన్నం ఉండె సీతా. తినేతందుకు అక్కనే లేకపాయె."

మంగవ్వ ఆ రెండు బకెట్లూ తీసుకుని మూడో అంతస్తుకు పోయింది. పోసిన ఫినాయిల్ వృథా చేసే మనిషి కాదు.

శనివారం ఎనిమిదింటికి డబ్బాలు వరసగా అరుగు మీద ఉన్నాయి. ముగ్గురు విప్పారు, తలెత్తకుండా తిన్నారు. వాళ్లను తప్పుపట్టాల్సిన పనిలేదు. ఇంట్లో ఎవరి గోస వాళ్లది. ఏడు డబ్బాలు మూత తీయలేదు. సీతాబాయి తన డబ్బా విప్పింది, పూరీలు చూసింది, మంగవ్వను చూసింది. మూత మళ్లీ ఠక్కున పెట్టింది.

"ఆకలితోని చంపుతవే నువ్వు," అంది.

పదకొండింటికి ఎనిమిది మందీ సెల్లారులో స్కాన్ బల్ల ముందు నిలబడ్డారు. పేర్లు లిస్టులో లేవు. ప్రమోద్ పరుగెత్తుకొచ్చాడు. వాడి వెనకే బిల్డింగు మేనేజరు చలపతిరావు కూడా దిగాడు, క్యాంపు ఫోటో తీసి పైవాళ్లకు పంపాల్సిన రోజది. ఏంటి ఈ గుంపు అని ఆయన అడిగాడు.

అలాంటప్పుడు చేతులు కట్టుకుని, సార్ మేము పేదోళ్లం అని మొదలుపెట్టడం అలవాటు. ఆ అలవాటే కొంపలు ముంచింది. మంగవ్వ చేతులు కట్టుకోలేదు.

"నాకు అరవై ఒకటి సార్. లిస్టుల నలభై ఎనిమిది ఉన్నది. గా వయసు తప్పైతే గీ రిపోర్టు తప్పు. మేం ఎనిమిది మందిమి గట్లనే."

చలపతిరావు నవ్వబోయి ఆగాడు. ఆధార్లు ఎవరు మార్చారని అడిగాడు. ఎనిమిది తలలూ ఒకేసారి ప్రమోద్ వైపు తిరిగాయి. వాడి మొహం తెల్లబడింది. చలపతిరావు లిస్టు తెప్పించి, పుట్టిన తేదీల మీద వేలు కిందికి జరుపుకుంటూ పోయాడు. జనవరి ఒకటి. జనవరి ఒకటి. మళ్లీ జనవరి ఒకటి. కాగితం అడుగున తనిఖీ చేశాను అని రాసి, పక్కన సంతకం ఉంది. ఆ సంతకం చలపతిరావుదే. ఆరేళ్లుగా ఏటా ఆయనే పెడుతున్నాడు.

ఆయన వేలు అక్కడే ఆగిపోవడం మంగవ్వ చూసింది. ఎక్కడ దెబ్బ కొట్టాలో ఆమెకు అప్పుడే తెలిసింది. బిల్డింగు మొత్తం ఆరేళ్లు తుడిచినవాళ్లకు ఎవరి మురికి ఏ మూల ఉందో తెలియకుండా ఉంటుందా.

సోమవారం చూద్దాంలేమ్మా, అందరితో మాట్లాడతాను అన్నాడాయన.

"సోమారం వద్దు సార్. మిషన్ ఇయ్యాల్నే పోతది. వయసులు దిద్దున్రి. దాని కింద, గీ కారణంగ ఎవర్నీ తియ్యమని గూడ రాయున్రి. మీరు రాస్తే గీ లిస్టు గీడనే ఉంటది. రాయకుంటే మేం ఎనిమిది మందిమి సోమారం లేబర్ ఆఫీసుకు పోతం. ఆధార్ మార్చినందుకు మమ్మల్ని సుత అడుగుతరు, అడగనియ్యున్రి. మేం చెప్పుకుంటం. మీ సంతకం సంగతి మీరు చెప్పుకోవాలె."

ఆమె గొంతు పెంచలేదు. కుసుమకుమారి నెమ్మదిగా, తప్పు వయసుతో రిపోర్టులిస్తే మా ల్యాబుకీ ఇబ్బందేనండీ, వయసులు దిద్దిస్తే ఇప్పుడే మళ్లీ లెక్క కడతాను అంది. చలపతిరావు జేబులోంచి పెన్ను తీశాడు. పుణ్యానికి తీయలేదు, తన మెడ కాపాడుకోవడానికి తీశాడు. ఎందుకు తీసినా పెన్ను పెన్నే. కొత్తగా చేర్చుకునేవాళ్లకే వయసు నిబంధన, ఇప్పుడున్నవాళ్లను తీసేది లేదు అని రాసి సంతకం పెట్టాడు. సీతాబాయి ఫోను తీసి దాన్ని ఫోటో కొట్టింది, రెండుసార్లు.

ముందు మంగవ్వ. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తలకిందికి పెట్టమన్నారు. కుసుమకుమారి పక్కటెముకల మధ్య చల్లటి జెల్ రాసి, లావుపాటి పెన్నులాంటిది ఆనించింది. అది క్యారమ్స్ కాయిన్‌ను వేలితో కొట్టినట్టు టక్కున కొట్టింది. నొప్పి లేదు. మెత్తటి లివర్‌లో ఆ దెబ్బ అల నెమ్మదిగా పోతుందట, గట్టిపడిన లివర్‌లో వేగంగా పోతుందట. మంగవ్వకు వింతనిపించలేదు. మాప్ కర్రతో తట్టి ఏ టైలు కింద బోలుందో ఆమె రోజూ చెప్తూనే ఉంది. పది దెబ్బలు లెక్కపెట్టుకుంది.

తొమ్మిది పాయింట్ ఆరు.

ఎనిమిది లోపలుంటే మంచిదని, పన్నెండు దాటితే ప్రమాదమని కుసుమకుమారి చెప్పింది. ఇది మధ్యలో ఉంది. మచ్చలు పడటం మొదలై ఉండొచ్చు, రాయి మాత్రం కాలేదు. లివర్ డాక్టరుకు చూపించుకుని, షుగర్ పట్టులో పెట్టుకుని, ఒంటి బరువులో పదో వంతు దించితే వెనక్కి కూడా రావచ్చంది.

"అంటే పట్టుకున్నం," అంది మంగవ్వ.

"పట్టుకున్నాం మంగవ్వగారూ."

మంగవ్వ లేచి జెల్ తుడుచుకుంది. కాగితం మీద తన పేరు పక్కన అరవై ఒకటి అని అచ్చయి ఉంది. ఆరేళ్ల తర్వాత తన వయసు చూసుకున్నది ఆమె.

మిగతావాళ్లలో ఐదుగురికి కొత్త లెక్కలోనూ ఆకుపచ్చే, స్కాను అక్కర్లేదు. ఈసారి నిజమైన ఆకుపచ్చ. ఇంకొకామెకు స్కానులో ఐదు చిల్లర. సీతాబాయికి పదమూడు పాయింట్ ఎనిమిది. ఆమె ఆ అంకె విని, దేవుడి పటం ముందర బొట్టు పెట్టుకున్న కాగితం గుర్తొచ్చినట్టుంది, మంచం అంచు పట్టుకుని చాలాసేపు దిగలేదు. మంగవ్వ ఆమె డబ్బా విప్పి పూరీలు చేతిలో పెట్టింది. తినమంది. తర్వాత చూద్దామంది.

సోమవారం ఇద్దరికీ సెలవు కావాలని ప్రమోద్‌ను అడిగితే వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. ముఖ్యమైన రోజని, ఐదో అంతస్తులో మీటింగుందని అంటాడనుకుంది. అనలేదు.

"పో పెద్దమ్మా. నేను సూసుకుంట," అన్నాడు.

పంజగుట్ట పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కిటికీ ముందు వరస కదులుతున్నది. కిటికీ లోపలి మనిషి తల ఎత్తకుండా పేరు అడిగాడు, జబ్బు అడిగాడు. సీతాబాయి లివర్ అంది. తాగుతవా అని అడిగాడతను, అలవాటుగా.

"తాగదు. తాగనోల్లకు సుత అస్తది, రాసుకో," అంది వెనకనుంచి మంగవ్వ.

అతను ఈసారి తల ఎత్తి ఇద్దరినీ చూశాడు. తర్వాత వయసు అడిగాడు. సీతాబాయి నోట్లో ఆరేళ్ల అలవాటు కదిలింది. నలభై అనబోయింది. మంగవ్వ మోచేత్తో పొడవలేదు. ఊరికే నిలబడింది.

"యాభై తొమ్మిది," అంది సీతాబాయి. కిటికీ అవతలున్నవాళ్లకు కూడా వినబడేట్టు అంది.